సాత్‌బారాలో లేని జాగ

తలాఠీ కాయితంలో మా గుడి ఒక గట్ నంబరు.
నూటా నలభై ఆరు బై రెండు.
ఖాతాదారు: మిషన్.
ఏ మిషనో, ఏనాటిదో రాయలే.
ఇతర హక్కుల గడిలో ఒక బాయి, ఒక చింతచెట్టు.

మా నాయిన గమలియేలు నలభై ఏండ్లు గంట కొట్టిండు.
ఇప్పుడు తాళంచెవి నా కొంగుకు.

గుడి మీద సిలువ లేదు, మీరు నమ్మరు.
స్కాట్లాండు దొర వద్దన్నడట.
రేకు కోడిపుంజు ఒకటుంది,
తుప్పుకు మెడ బిగిసి
ఎప్పుడూ ప్రాణహిత దిక్కే చూస్తది.
పొద్దు అవతల తెలంగాణలో గుంకుతది,
ఆ కోడికి మాత్రం పొద్దు పొడవదు.

దూలాలు ఆలపల్లి టేకు.
పదకొండు జతల ఎడ్లు లాగినయట,
పన్నెండో జతను వాగు తీసుకపోయింది.
దూలం మీద మాత్రం పన్నెండు గీతలున్నయి,
ఎవడు చెక్కిండో.

దొర పేరు నోరు తిరగక
మా అవ్వోళ్లు మక్కదొర అన్నరు.
మక్కదొర సీసం కరగబోసి బిళ్లలు చేసిండు.
ఏడాదికి రెండుసార్లు రొట్టె విరిచేనాడు
బిళ్ల చేతిలో ఉన్నోడే బల్లకాడికి రావాలె.
ఎవరికియ్యాలె, ఎవరికొద్దు,
ఏడుగురు పెద్దలు కూసుండి రాసిన పుస్తకం
ఎనభై ఆరు వరదల మా నాయిన నెత్తిన పెట్టుకొని ఈదిండు.
బెంచీలు పోయినయి. పుస్తకం మిగిలింది.

*జాడి పోచమ్మ. బిళ్ల ఆపడమైనది. ఇప్పసారా.*
*కొండగొర్ల మీకా. ఆపడమైనది. అన్న పీనుగ ముందర డప్పు కొట్టినాడు.*
*రూతు.*
రూతు పేరు పక్కన కారణం లేదు,
సిరా చుక్క ఒకటుంది, పెద్దది,
రాసేటోడు కలం ఎత్తలేక ఆగినట్టు.

బిళ్ల లేనోళ్లకు గోడ లోపల బొంద లేదు.
ఆ సంగతి పుస్తకంలో లేదు. మా అవ్వ నోట్ల ఉండె.

మొన్న వంతెన రోడ్డు వెడల్పు చేస్తమని
గడ్చిరోలి నుంచి సర్వేయరు వచ్చిండు,
మడావి పిలగాడు, ఇంకా మీసం నిండలే.
టేపు గుంజి, నక్ష విప్పి,
గోడవతల పదకొండు అడుగులు సర్కారుదన్నడు.
అక్కడ సీతాఫలం చెట్లు ఆరు,
ఎవరో దారం పట్టి నాటినట్టు ఒకే వరుస.
చిన్నప్పుడు ఆ పండ్ల కోసం గోడ దుంకి
మోకాళ్లు చెక్కుకున్నదాన్ని నేను.

మొదటి గుంజకు గుంత తవ్వుతుంటే
గడ్డపార కొసకు బొక్క తగల్లే.
సీసం వచ్చింది.
ఉమ్మి రాసి తుడిస్తే అంచు మీద సాలు కనబడ్డది,
బొటనవేలంత బిళ్ల.

ఇంటికురికి పుస్తకం తెరిసిన.
ఆఖరి పుటల ఎర్రసిరా:
*బిళ్లలు ఏడు తక్కువ. గంట కొట్టేవాడిని అడగవలెను.*
అడిగిన్రో లేదో, జవాబు రాసి లేదు.

అప్పుడు గంట కొట్టేది మా తాత, దుర్గం లాబాను.
బొందలు తవ్విందీ ఆయనే.
రాత్రి దీపం లేకుండ
పీనుగ పిడికిలి విప్పి, బిళ్ల పెట్టి, మళ్ల మూసి
పైన ఒక గింజ పాతిపెట్టిన చేతులు
పొద్దున ఏమెరుగనట్టు తాడు గుంజినయి.
ఎవరికీ చెప్పలే. మా నాయినకు కూడా.

చెట్లు ఆరు. తక్కువైన బిళ్లలు ఏడు.
ఏడోది ఎవరి చేతిలో ఉందో నాకు తెల్వది.
తాత ఎన్నడూ బల్లకాడికి పోలేదని మాత్రం అవ్వ చెప్పేది,
తాడు విడిస్తే గంట ఎవరు కొడతరనేటోడట.

"ఈడ ఏం రాయాలె, మావశీ?"
పెన్సిలు పట్టుకొని మడావి పిలగాడు.
కాయితం మీద గడి చిన్నది,
ఆరుగురు పట్టరు.
రాయి, ఆరు చెట్లు అని రాయి ముందుగాల.

వాడు ఒక పండుకు చెయ్యి చాపి
మళ్ల వెనక్కి తీసుకున్నడు.
నేనే తెంపిన. రెండు చెక్కలు చేసి ఇచ్చిన.
తిను కొడుకా, భయం లేదు.
గింజలు మాత్రం
ఈడనే ఉమ్ము.